నర్సింహ పడవకు కట్టిన సంచి

దుర్గం చెరువు మీద గాలికి సిగ్గూ శరమూ లేదు. మాదాపూర్‌ల అద్దాల బిల్డింగులు లేవక ముందు చుట్టూ గుట్టలు అడ్డముండేటివి, గాలి జర మర్యాదగ వచ్చేది. ఇప్పుడు బిల్డింగుల సందుల్లకెల్లి ఒక్కతీరుగ ఉరికొచ్చి పడవను పట్టుకొని బండల మీదికి నూకుతది. ఆ గాలితోని నర్సింహకు పుట్టినకాడి నుంచి కొట్లాటే. తాత బతికిన చెరువు, తండ్రి బతికిన చెరువు. చుట్టుపక్కల భూములున్నోళ్లు అమ్ముకొని కార్లు కొన్నరు. బెస్తోళ్లకు అమ్ముకోను ఏమున్నది, నీళ్లా?

గాలి ఎంత కొట్టినా నర్సింహ ఫికర్ చేసేటోడు కాదు. వెనక కొడుకు నితీష్ ఉండేటోడు. రాత్రంత గచ్చిబౌలిల ఒక ఆఫీసు గేటు కాడ సెక్యూరిటీ డ్యూటీ చేసి, తెల్లారంగ ఇంటికొచ్చి, ఇంత చాయ్ తాగి పడవెక్కేటోడు. తండ్రి రెండు చేతులతోని వల గుంజుతుంటె, కొడుకు వెనక కూసోని తెడ్డుతోని పడవను గాలికి ఎదురు నిలబెట్టేటోడు. "ఆపు బిడ్డా" అంటె చాలు, ఆపేటోడు. వాని చేతుల ఏముండెనో ఏమో, పడవ వాని మాట ఇనేది.

సకల జనుల సమ్మెల బస్సులు బందైనయి. నితీష్ కూడ తెలంగాణ రావాలె అన్నోడే. నడిరోడ్డు మీద వంటావార్పు పెడితె అందరితోని కూసోని బువ్వ తిన్నోడే. డ్యూటీ మాత్రం మానలె. బస్సు లేకపోతె కాళ్లు లేవా అని నడిచి పోయేటోడు, నడిచి వచ్చేటోడు. ఒకనాడు తెల్లారుజామున వస్తుంటె వెనక నుంచి లారీ గుద్దింది. దవాఖానకు తీసుకపోయేసరికే పాణం పోయింది.

బస్తీ పోరగాండ్లు వాని ఫోటోతోని ఇంత పెద్ద ఫ్లెక్సీ కట్టిండ్రు, 'అమరుడు' అని రాసి. పాపం, వాళ్లు ప్రేమతోనే కట్టిండ్రు. కానీ నర్సింహ ఆ తొవ్వనే పోవుడు బంద్ చేసిండు. వాడు ఆ పొద్దు ఏ పోరాటానికీ పోతలేడు. ఇంటికి వస్తున్నడు. నాయిన పడవ కాడ నిలబడి సూస్తుంటడని జల్ది జల్ది వస్తున్నడు. గా మాట ఎవరితోని చెప్పాలె?

దినాలైనంక బాలనర్సయ్య వచ్చిండు. బెస్తోళ్లల్ల పెద్దమనిషి, నర్సింహకు వరుసకు అన్న. చాయ్ చేతిల పట్టుకొని తాగకుండ కూసున్నడు.

"నర్సిమ్మా, కట్టుబాటు నీకెరుకే. ఒంటి మనిషి చెరువుల దిగొద్దు. మా నాయిన దిగిండు, మళ్ల రాలె. జోడును తెచ్చుకో. లేదంటవా, పడవ ఎవరికన్న ఇచ్చెయ్యి."

"జోడెక్కడి నుంచి తేవాలె అన్నా? ఉన్న ఒక్కడు పాయె."

"నాకు తెల్వదా రా? నువ్వు గూడ పోతె భూలక్ష్మికి ఎవలున్నరు చెప్పు."

నర్సింహ భార్య భూలక్ష్మి లోపల గోడకు ఒరిగి కూసోని ఇంటున్నది. కొడుకు పోయినకాడి నుంచి ఆమెకు మాటలే తక్కువైనయి. నర్సింహకు మాత్రం రోషమొచ్చింది. కొడుకు పాయె, ఇగ పడవ గూడ పోతె ఈ చేతులు ఎందుకు?

"జోడు చేసే పనేంది, పడవను ఆపుడే గదా? ఆపేదొకటి చేసి చూపిస్త."

"చూపియ్యి. గాలి ఉన్ననాడు ఒక్కనివే వల గుంజి చూపియ్యి. కార్తీక పున్నమి దాక నీ పడవ జోలికి రాకుండ అందరిని నేను ఆపుత. ఆ తర్వాత నా చేతుల లేదు."

చెప్పుడైతె చెప్పిండు గని, ఏంతోని ఆపాలె? రాయి కట్టి దింపితె బండల్ల ఇరుక్కొని తాడు తెగుతది. పైగ వల గుంజుకుంట పోతుంటె పడవ మెల్లగ జరగాలె. గాలికి ఉరకొద్దు, అట్లని పాతేసినట్టు ఉండొద్దు.

అప్పుడు వచ్చిండు వంశీ. కడప దిక్కు పిలగాడు, కొండాపూర్‌ల ఉంటడు, సాఫ్ట్‌వేర్ నౌకరి. ఆదివారమైతె గాలం పట్టుకొని బండల మీద కూసుంటడు. సమ్మె రోజులల్ల ఆంధ్రోడని కొందరు గుర్రుగ చూసినా, నితీష్ మాత్రం వానితోని నవ్వుకుంటనే మాట్లాడేటోడు. సంగతంత ఇని వంశీ ఫోన్‌ల ఒక బొమ్మ చూపిచ్చిండు. ముందర వెడల్పు, వెనక సన్నం, తాడుతోని పడవకు కట్టిన పొడుగు సంచి.

"దీన్ని డ్రిఫ్ట్ సాక్ అంటారన్నా."

"సాక్స్ లెక్క ఉన్నది. పడవకు గూడ మేజోళ్లు తొడుగుతరా సారూ?"

కొడుకు పోయినంక మొదటిసారి నవ్వొచ్చింది నర్సింహకు. నవ్వినందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

"నీళ్లల్లో తెరుచుకుంటాదన్నా. నీళ్లు నిండి పడవని వెనక్కి పట్టుకుంటాది. మరీ పెద్దదైతే పడవ కదల్దు, చిన్నదైతే ఆగదు. తోక కాడ మాత్రం బొక్క ఉండాల."

"బొక్కనా! బొక్కున్న సంచిల ఏమాగుతది సారూ? పొద్దస్తమానం వలకు పడ్డ బొక్కలు పూడ్చుడే నా పని."

ఆ బుద్ధే కొంప ముంచింది. ముందుగాల గోనెసంచి కట్టిండు. అది నీళ్లు తాగి తాగి పడవ కొసను కిందికి గుంజింది. తర్వాత సిమెంటు సంచి తెచ్చి, తోకను గట్టిగ కుట్టిండు. ఎంతైనా వలలు అల్లిన చెయ్యి, బొక్క వదలబుద్ధి కాలె. నీళ్లు పోను తొవ్వ లేక ఆ సంచి అటు ఇటు గంతులేసింది, దాంతోపాటు పడవ గూడ గిరగిర తిరిగింది. ఒడ్డు మీద భూలక్ష్మి కొంగు నోట్ల కుక్కుకొని నిలబడ్డది. ఆఖరికి వంశీ సారు మాట ఇని తోక కోసిండు. గాలి కొట్టంగనే కోసినకాడి నుంచి పోగులు లేచి సంచి మొత్తం చినిగింది.

"ఆ ఫ్లెక్సీ ఉన్నది గదరా" అన్నడు బాలనర్సయ్య, మంచికే. "గట్టి గుడ్డ. నీళ్లు తాగది, చినగది."

"నా కొడుకు మొఖం నీళ్లల్ల ముంచుమంటవా!" నర్సింహ ఒక్క అరుపు అరిచిండు. బాలనర్సయ్య తల వంచుకొని పోయిండు. పున్నమి దగ్గరికొచ్చింది. నర్సింహ మంచానికి అడ్డం పడి, పడవ ఎవరికన్న ఇచ్చెయ్యిమని భార్యతోని అన్నడు.

భూలక్ష్మి లేచి పోయి బియ్యం డబ్బ వెనక చెయ్యి పెట్టింది. నల్లటి రెయిన్‌కోటు ప్యాంటు బయటికి తీసింది. నితీష్‌ది, డ్యూటీ కాడ వాళ్లు ఇచ్చింది. పోయినోని బట్టలన్ని చాకలామెకు ఇచ్చేటప్పుడు ఇదొక్కటి ఎట్ల దాచిందో ఎవరికీ తెల్వదు.

"ఇది నీళ్లు తాగది" అన్నది. "నడుము కాడ వెడల్పు, కాళ్ల కాడ సన్నం. బొక్కలు ఉండనే ఉన్నయి, కోసే పని లేదు."

"వద్దే. నీకు మిగిలింది గదొక్కటే."

"నిన్ను ఒక్కన్ని నీళ్లల్లకు పంపాలంటె నాకు పాణం ఒప్పుతలేదు. కానీ పడవ పోతె నువ్వు గీ మంచం దిగవు. నాకెరుక." అని సూదిల దారం ఎక్కిచ్చింది. వెదురు బద్ద గుండ్రంగ వంచి నడుము పట్టీల దూర్చి తనే కుట్టింది. కుట్టుకుంట కుట్టుకుంట ఏడిచింది. కాళ్ల కొసలు మాత్రం ముట్టలె.

చూపిస్తనన్న పొద్దు గాలి పగబట్టినట్టు కొట్టింది. ఒడ్డున బాలనర్సయ్య, ఇంకిద్దరు పెద్దమనుషులు నిలబడ్డరు. నర్సింహ ఒక్కడే పడవ నూకుకొని పోయిండు. తాడు కట్టి ప్యాంటును నీళ్లల్ల ఇడిసిండు. నీళ్లు నిండినయి. రెండు కాళ్లు ఉబ్బి నిటారుగ చాపుకున్నయి. పడవ ఒక్కసారి ఊగింది, గాలికి ఎదురు తిరిగింది, నెమ్మదైంది.

నర్సింహ రెండు చేతులతోని వల గుంజబట్టిండు. ఒకటి రెండు జిలేబి చేపలు తళుక్కుమన్నయి. బరువు తగిలేసరికి అలవాటు కొద్ది నోట్లకెల్లి మాట వచ్చేసింది, "ఆపు బిడ్డా" అని.

పడవ అప్పటికే ఆగి ఉన్నది.

తిరిగి చూసిండు. వెనక పీట ఖాళీ. ఒడ్డు మీది నుంచి బాలనర్సయ్య "శభాష్ రా నర్సిమ్మా, పడవ నీదే!" అని అరుస్తున్నడు. నర్సింహకు అప్పుడు సమజైంది. ఇన్నాళ్లు సంచులు మార్చుకుంట పరేషానైండు గని, లోపల్లోపల ఏదీ ఆపొద్దనే కోరుకున్నడు. నితీష్ లేకుంటె ఈ పడవ ఆగదు, ఆగనే ఆగదు అనుకున్నడు. ఆగింది. వాడు లేకున్నా ఆగింది. తడి వల మొఖానికి అడ్డం పెట్టుకొని ఏడిచిండు, ఒడ్డు మీదికి ఇనపడేటట్టు.

పడవ ఒడ్డుకు రాంగనే భూలక్ష్మి మోకాలి లోతు నీళ్లల్లకు దిగింది. చేపల దిక్కు చూడలె, మొగని దిక్కు చూడలె. తాడు ఇప్పి ప్యాంటును బయటికి గుంజింది. నీళ్లు పిండి, దులిపి, భుజాన ఏసుకొని ఇంటికి నడిచింది. వానల తడిసి కొడుకు డ్యూటీ నుంచి వచ్చిననాడు ఆ ప్యాంటును వాకిట్ల దండెం మీదనే ఆరేసేది. ఇప్పుడు గూడ ఆ దండెం మీదనే రెండు కాళ్లు సమంగ సదిరి ఆరేసింది.

నర్సింహ గుమ్మంల నిలబడి చూస్తున్నడు. ఆమె అటు మళ్లకుండనే అన్నది.

"తెల్లారేసరికి ఆరాలె గదా. మళ్ల పోవాలె."