పాలు పంపలేదండీ, మజ్జిగే

2023 వానాకాలం. విజయవాడలో నేను డైటీషియన్‌గా పనిచేసే ఆసుపత్రికి హనుమాన్ జంక్షన్ వైపు నుంచి ఒక వియత్నాం మనిషిని అంబులెన్సులో తీసుకొచ్చారు. పేరు త్వాన్. ముప్పై అయిదేళ్లుంటాయేమో. అక్కడి రొయ్యల మేత ఫ్యాక్టరీలో కొత్త యంత్రాలు బిగించే పని మీద వచ్చాడు. అపెండిక్స్ పగిలింది. వచ్చిన రోజే ఆపరేషన్ చేశారు, అది బాగానే జరిగింది. గొడవంతా ఆ తర్వాత మొదలైంది. అందులో నా వాటా చిన్నది కాదు.

డైటీషియన్ అంటే సన్నబడటానికి చార్టు రాసిచ్చే మనిషి అనుకుంటారు చాలామంది. పెళ్లిళ్లలో పరిచయమైన ప్రతి ఆవిడా అన్నం మానేయాలా, చపాతీ తినాలా అని అడుగుతుంది. ఆసుపత్రిలో మా పని వేరు. ఏ రోగికి ఏ పూట ఏం వెళ్లాలో డైట్ కార్డు మీద రాస్తాం. కిచెన్ వాళ్లు ఆ కార్డు చూసి ట్రే సర్దుతారు. ఆపరేషన్ అయినవాళ్లకి మొదట లిక్విడ్ డైట్, అంటే తాగేవి మాత్రమే. తర్వాత సాఫ్ట్ డైట్, పెద్దగా నమలక్కర్లేని మెత్తటి తిండి. మా దగ్గర మొదటిది పాలు, మజ్జిగ, రాగి మాల్ట్. రెండోది ఇడ్లీ, మెత్తగా పిసికిన పెరుగన్నం. పదిహేనేళ్లుగా కళ్లు మూసుకుని రాస్తున్నాను. త్వాన్‌కి కూడా అలాగే రాశాను.

నాకు కుదురు తక్కువ. ఒక మంచం దగ్గర ఉండగానే మనసు పక్క గదిలో ఉంటుంది. రోగి ఏదో చెప్పబోయేసరికి నేను తలుపు దగ్గర ఉంటానని సిస్టర్లు వెక్కిరిస్తారు. త్వాన్ దగ్గర ఆ ఇబ్బంది కూడా లేదు. అతనికి తెలుగు రాదు, ఇంగ్లీషు నాలుగు ముక్కలు. నేను గ్లాసు అందిస్తే రెండు చేతులతో తీసుకుని, గడగడా తాగేసి, "థాంక్యూ, డాక్టర్" అనేవాడు. డాక్టర్ని కానని చెప్పే ఓపిక కూడా నాకు లేదు. ఇంత బుద్ధిమంతుడైన పేషెంటు ఏడాదికొకడు దొరికితే చాలనుకున్నాను.

మూడో రోజుకి పొట్ట ఉబ్బింది. విరేచనాలు పట్టుకున్నాయి. ఫ్యాక్టరీ తరఫున అతనికి తోడుగా రాంబాబు అనే సూపర్‌వైజర్ ఉండేవాడు. కొల్లేటి పక్క ఊరు, చేపల వ్యాపారం చేసే కుటుంబం. అతనే నన్ను వరండాలో ఆపాడు.

"మేడమ్ గారూ, ఈయన మా దగ్గర టీలో కూడా పాలు పోయనివ్వడండి. నల్ల టీయే తాగుతాడు. పాలు పడవేమో చూడండి."

నిజంగానే మంచి మాట చెప్పాడు. పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. పసితనంలో దాన్ని అందరూ అరిగించుకుంటారు, పెద్దయ్యాక చాలామందికి ఆ శక్తి తగ్గుతుంది. తరతరాలుగా పాలు వాడని దేశాలవాళ్లకి మరీను. వెంటనే డైట్ కార్డు మీద ఎర్ర పెన్నుతో "నో మిల్క్" అని రాసి, కింద రెండు గీతలు కొట్టి, కిచెన్‌కి ఫోన్ చేసి మరీ చెప్పాను. నాలో నేనే కాస్త మురిసిపోయాను కూడా.

రెండు రోజులు గడిచినా తగ్గలేదు. ఇంకా పెరిగింది. ఒంట్లో నీరు పోయి క్రియాటినిన్ పెరిగింది. కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష అది. అది పెరిగితే రంగు మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్‌కి డాక్టర్లు వెనకాడతారు. మామూలు స్కాన్‌లో పొట్ట అడుగున కొంచెం నీరు కనపడింది. అది ఆపరేషన్ తర్వాత ఉండే మామూలు నీరో, చీము పట్టిందో తేలలేదు. సర్జన్ గారు ఫైలు పక్కన పెట్టి నన్ను అడిగారు.

"పాలు ఆపి రెండు రోజులైంది కదమ్మా?"

"ఆపేశామండి. నేనే దగ్గరుండి ఆపించాను."

"అయితే తిండి వల్ల కాదు. లోపల చీము పడుతున్నట్టుంది. రేపు పొద్దున్నే మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లి లోపల చూద్దాం."

ఆయన లెక్కలో నా మాట అంత బరువు తూగింది. అప్పటికి అది నాకు తట్టలేదు, కానీ మనసు ఒకచోట నిలవడం మానేసింది. టిఫిన్ బాక్సు తెరిచి మూసేశాను. పక్క వార్డుకి వెళ్లి ఎందుకొచ్చానో మర్చిపోయి తిరిగొచ్చాను. చివరికి త్వాన్ గదిలోకి వెళ్లాను. మధ్యాహ్నం ట్రే అప్పుడే వచ్చింది. మనిషి చిక్కి సగమై ఉన్నాడు. నన్ను చూడగానే అలవాటుగా గ్లాసు అందుకుని, ఎందుకో ఆగి, ఫోను తీసి తన భాషలో ఏదో చెప్పాడు. ఫోను దాన్ని తెలుగులోకి మార్చి, ఆడగొంతుతో పైకి చదివింది.

"ఈ పుల్లటి పాల మందు ఇంకా ఎన్ని రోజులు తాగాలి?"

పుల్లటి పాలు. మజ్జిగకి ఆ పేరు నేను ఎన్నడూ వినలేదు. గ్లాసు వంక చూశాను. రెండు రోజులుగా ఆ గ్లాసు చూస్తూనే ఉన్నాను. నా చేత్తో అందించాను కూడా. పక్కనే గిన్నెలో పెరుగన్నం, కప్పులో మాల్ట్. అతని చేతిలోంచి గ్లాసు లాక్కున్నంత పని చేసి కిచెన్‌కి పరిగెత్తాను.

కిచెన్ చూసేది వరలక్ష్మి గారు. నా ముఖం చూసి గరిటె పక్కన పెట్టారు.

"పాలు పంపలేదండీ. మీరు రాసింది మొదలు చుక్క పాలు వెళ్లలేదు, ఒట్టు. పాలు లేవు కదా అని మజ్జిగే రోజూ రెండు గ్లాసులు ఎక్కువ పంపుతున్నాను. విరేచనాలంటున్నారు కదా, చలవ చేస్తుందని."

"మాల్ట్ దేంతో కాస్తున్నారు?"

"నీళ్లతోనేనండీ. పొడి కలిపి."

"ఏం పొడి?"

ఆవిడ డబ్బా తీసి చూపించారు. పాలపొడి. చూపిస్తూనే ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "పొడి కూడా లెక్కేనాండీ?" అన్నారు మెల్లగా.

తిట్టడానికి నోరు రాలేదు. మా అబ్బాయికి విరేచనాలైతే నేను ఇంట్లో చేసేదీ అదే, మజ్జిగ మీద మజ్జిగ. మన వంటింట్లో పాలు వేరు, పెరుగు వేరు, మజ్జిగ వేరు. పాలు వద్దంటే మజ్జిగ కూడా వద్దని మనలో ఎవరికీ తోచదు. తోడుకున్నాక లాక్టోజ్ కొంత తగ్గుతుంది, అంతా పోదు. పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను. మందులతో నీరసించిన పేగుల్లోకి రోజూ అన్ని గ్లాసులు, పైన పెరుగన్నం, పాలపొడి పంపి, పాలు ఆపేశామని సర్జన్ గారికి చెప్పాను.

తిరిగి త్వాన్ దగ్గరికెళ్లి, మీ ఇంట్లో ఒంట్లో బాగోకపోతే ఏం పెడతారని ఫోనులో అడిగాను. మొదటి రోజు అడగాల్సిన ప్రశ్న. అతను ఒక ఫోటో చూపించాడు. గిన్నెలో తెల్లగా, పలుచగా, గింజ కనపడనంతగా ఉడికిన బియ్యం. అచ్చం మన గంజి.

వరలక్ష్మి గారు ఒప్పుకోలేదు. "డీలక్స్ రూముకి గంజి ఎలా పంపనండీ? అంత దూరం నుంచి వచ్చిన మనిషికి తిండి దగ్గర లోటు చేశామనుకోరూ?"

"అది వాళ్లకి మర్యాదేనండీ. జబ్బు చేస్తే వాళ్లమ్మ పెట్టేది అదేనట."

"కార్డు మీద గంజి అనే రాస్తారా?"

"రైస్ సూప్ అని రాస్తాను, సరేనా?"

అప్పుడు పొయ్యి వెలిగించారు. మిగిలిన పని నాది. సర్జన్ గారి గది బయట నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగి లోపలికెళ్లాను.

"సర్, మీకు తప్పు చెప్పాను. పాలు ఆగలేదు. మజ్జిగ, పెరుగు, పాలపొడి వెళ్తూనే ఉన్నాయి. నేను చూసుకోలేదు."

ఆయన కోపం అణచుకోవడం తెలుస్తూనే ఉంది. "మజ్జిగకి ఇంత అవుతుందా? సరే, ఆగామే అనుకుందాం. లోపల నిజంగానే చీముంటే, ఆగినందుకు ప్రాణం మీదికొస్తే?"

జ్వరం లేదన్నాను. చీముంటే పెరగాల్సిన తెల్లకణాలు తగ్గుతున్నాయన్నాను. అవి ఆయనకీ తెలుసు. చాలాసేపు రిపోర్టులు తిప్పి, "రేపు ఎనిమిదింటికి పొట్ట చూసి చెప్తాను. థియేటర్ బుకింగ్ మాత్రం రద్దు చెయ్యను" అన్నారు. గంటగంటకీ నాడి, జ్వరం చూడమని సిస్టర్‌కి రాశారు.

ఆ సాయంత్రం భవానీపురంలో మా ఇంట్లో కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. నా తప్పు ఒకటైతే సరే, ఇప్పుడు రెండోది చేస్తున్నానేమో, చీముంటే ఏమిటి, అన్న భయం కూర్చోనివ్వలేదు. వార్డుకి ఎన్నిసార్లు ఫోన్ చేశానో తెలియదు. "మీరు ఫోన్ పెట్టేస్తే నేను వెళ్లి చూస్తాను మేడమ్" అంది సిస్టర్. తెల్లవారాక తనే చేసింది. రాత్రి రెండు గిన్నెల రైస్ సూప్ తాగాడట. పొద్దున్న మళ్లీ అడిగాడట. బాత్రూముకి వెళ్లడం తగ్గింది, పొట్ట వదులైంది.

ఎనిమిదింటికి సర్జన్ గారు వచ్చి పొట్ట నాలుగు వైపులా నొక్కి చూశారు. నొక్కినచోటల్లా త్వాన్ ముఖం చూశారు. తర్వాత సిస్టర్ వైపు తిరిగి, "థియేటర్‌కి ఫోన్ చేసి వద్దని చెప్పండి" అన్నారు. నేను డైట్ కార్డు తీసి మధ్యాహ్నానికి కూడా రైస్ సూప్ అని రాశాను.

మూడు రోజుల తర్వాత డిశ్చార్జ్. రాంబాబు బ్యాగు సర్దుతున్నాడు. ఈ కేసు గురించి జూనియర్లకి చెప్పేటప్పుడు లాక్టోజ్ దగ్గర ఆపేస్తుంటాను, ఆ తర్వాత జరిగింది చెప్పను. ఆ రోజు ఫోనులో త్వాన్‌కి ఉన్నదున్నట్టు చెప్పాను. అది మందు కాదు, మేం ఇష్టంగా తాగేది. నీ కడుపు పాడైంది దానివల్లే. తప్పు నాది. ఫోను అతని భాషలో అంతా చదివింది. అతను తన పొట్ట మీద వేలితో అడ్డంగా గీసి చూపించి, నా వంక చూశాడు. మళ్లీ కోసేవాళ్లా అని.

అవునన్నాను.

ముఖం తిప్పుకున్నాడు. థాంక్యూ అనలేదు. రాంబాబు ఇబ్బందిపడి, "ఏమీ అనుకోకండి మేడమ్ గారూ, మంచివాడేనండి" అంటూ అతన్ని లిఫ్ట్ వైపు నడిపించాడు. త్వాన్ వెనక్కి చూడలేదు. బాధ కలిగింది, కాదనను. కానీ ఆ వారం రోజుల్లో అతను మొహమాటం లేకుండా తన మనసులో మాట నాకు చెప్పింది అలా ముఖం తిప్పుకున్నప్పుడే. నచ్చనిది నచ్చలేదని మొదటి గ్లాసు దగ్గరే చెప్పనిచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఇప్పుడు ట్రే మారుమాట లేకుండా ఖాళీ చేసే పేషెంటు కనిపిస్తే నాకు భయం వేస్తుంది. కుర్చీ లాక్కుని కూర్చుంటాను.