ఆఖరి అరగంట చెరిగిన క్యాసెట్

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి, ఈ సంగతి దూరం నుంచి చెప్పేది కాదు. మొన్న మనవరాలు నా చిన్ననాటి సినిమా ఒకటి ఫోనులో వెతికి పెడితే, ఆఖరి దాకా చూసి, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

తొంభైల్లో నేను ఖతార్‌లో, మదీనత్ ఖలీఫా అనే పేటలో ఒక తెలుగువారింట వంట చేసేదాన్ని. ఊరి నుంచి ఎవరొస్తున్నా ఊరగాయలొద్దు, పాత కుటుంబ సినిమాల క్యాసెట్లు పంపమని ఉత్తరం రాయించేదాన్ని కనుక, నా పెట్టెలో చీరలకంటే అవే ఎక్కువ. శుక్రవారం మధ్యాహ్నం అమ్మగారు హాల్లో వేసుకోనిచ్చేవారు. పక్కింటి డ్రైవరు, నేను తమ్ముడూ అని పిలిచే కడప కుర్రాడు, గుమ్మంలో కూర్చుని చూసేవాడు. అతనికి ఊళ్ళో అన్నతో పొలం గట్టు దగ్గర తగాదా, ఏళ్ళుగా మాటల్లేవు.

అతను సెలవు మీద వెళ్ళే ముందురోజు పెట్టింది, నేను చిన్నప్పుడు చూసిన సినిమానే, విడిపోయిన అన్నదమ్ముల కథ. తమ్ముడొచ్చి అన్న తలుపు తట్టాడో లేదో, తెర మీద మా ఆడపడుచు పులిహోర గిన్నెతో ప్రత్యక్షమైంది. క్యాసెట్ చివర ఖాళీ అనుకుని, నేను మురిసిపోతానని, మేనకోడలి ఓణీల ఫంక్షను దానిమీద ఎక్కించి పంపారు మావాళ్ళు.

"ఏందక్కా, అన్నదమ్ముల కత తేలకముందే మీ ఆడబిడ్డ బంతి పెట్టింది?" అని నవ్వాడు గానీ, కదల్లేదు. "ఇంతకీ అన్న తలుపు తీసినాడా లేదా? అది సెప్పు సాలు."

ఆ జవాబు లేకుండా అతన్ని విమానం ఎక్కనివ్వకూడదనుకున్నాను. టీవీ ఆపి, కొంగు దోపి, అన్నగా ఒకసారి, తమ్ముడిగా ఒకసారి నిలబడి చెప్పాను: అన్న తలుపు తీశాడని, ఏమీ అడక్కుండా తన పక్కన రెండో పీట వాల్చాడని. "యల్లా, ఇంక వస్తానక్కా" అని అరబ్బీ కలిపి చెప్పి, తలొంచుకుని వెళ్ళాడు.

రెండు నెలలకు తిరిగొచ్చి, అదే గుమ్మంలో నిలబడి, "మాయన్న పీట వాల్చలేదక్కా, సాప పరిసినాడు" అన్నాడు.

చెరగని క్యాసెట్ కోసం ఆ తర్వాత ఎన్నేళ్ళు వెతికానో. మొన్న ఫోనులో చూస్తే, ఆ అన్న తలుపు తీయనే లేదు. అప్పుడు గుర్తొచ్చింది: టూరింగ్ టాకీసులో ఆఖరి రీలుకి నేను అమ్మ ఒళ్ళో నిద్రపోయాను, పీట వాల్చిన ఆ ముగింపు మర్నాడు తల దువ్వుతూ అమ్మ చెప్పింది. మా మేనమామలిద్దరూ మాట్లాడుకోని రోజులవి.

ఇప్పుడు సినిమా అంతా అరచేతిలో ఉంది, తర్వాత ఏమైందని ఒకరినొకరు అడిగే పనే లేదు. నేను మాత్రం మాట మార్చను; ఎవరడిగినా పీట వాల్చాడనే చెబుతాను. మీ ఇంట కూడా, అలిగి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చే వేళకు, ఒక పీట వాల్చి ఉండుగాక.