ఎల్లేశం వేలి మచ్చ

మా క్వార్టర్ల లైన్లో ఉండే ఎల్లేశానికి బతుకులో తాను ఏరుకున్నదంటూ ఒక్కటీ లేదు. పేరు ఎల్లమ్మ మొక్కు. పెళ్లాం సారవ్వను మేనమామ కుదిర్చాడు. పొలం తమకు ఉంచుకుని అన్నలు ఇతన్ని బొగ్గుబాయికి తోలారు. క్వార్టరు కంపెనీ ఇచ్చింది. ఆఖరికి బీడీ కూడా పక్కవాడు ఏది ఇస్తే అదే తాగేవాడు.

అరవై ఏడు ఎన్నికలకు ముందు బడిపంతులు ఆమోసు మా అరుగు మీద కూర్చుని, ఎన్నిక అంటే ఎంచుకోవడం మాత్రమే కాదు, లెక్కలోకి రావడం కూడా, ఎన్నిక గలవాడంటే నలుగురిలో విలువున్నవాడు అని వివరించాడు. మేం ఆవులిస్తూ విన్నాం. ఎల్లేశం మాత్రం లేచి కూర్చున్నాడు. ఎంపిక, లెక్క, విలువ మూడూ ఒక్క పొద్దున్నే దొరుకుతాయంటే మాటలా! పోలింగు నాడు ఉతికిన అంగీ తొడుక్కుని అందరికంటే ముందు నిలబడ్డాడు.

అధికారి అతని ఎడమ చూపుడువేలు చూసి వెనక్కి పంపేశాడు. ఓటేసినవాళ్లకు సిరా పెట్టే చోటే నీలం మచ్చ ఉంది. ఎప్పుడో బాయిలో పైకప్పు కూలినప్పుడు గాయంలో బొగ్గుపొడి చేరింది. గాయం మానింది గానీ రంగు లోపలే ఉండిపోయింది. ఓటింగు ఇంకా మొదలే కాలేదని, తానే మొదటివాడినని ఎంత మొత్తుకున్నా ఆయన వినలేదు.

వెనకున్న నర్సింగానికి బొగ్గు మోసే ఇనప టబ్బుల మధ్య నలిగి ఆ వేలే లేదు. వేలు లేనివాళ్లకు రూలుంది గనక పక్కవేలికి సిరా పెట్టి లోపలికి పంపారు. వేలున్న పాపానికి మావాడు ఇంటికొచ్చాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

డెబ్బై ఒకటిలో మళ్లీ ఓట్లొచ్చాయి. ఈసారి సారవ్వ కూడా వెంట వెళ్లింది. అధికారి మారాడు గానీ మాట మారలేదు. వేసిన ఓటు మళ్లీ వేస్తావా అని గద్దించాడు. సారవ్వ మొగుణ్ని అటు తిప్పి అంగీ పైకెత్తింది. వీపు నిండా నీలం మచ్చలే.

"గివి గూడ ఓట్లేనా సారూ? గిన్ని ఓట్లు ఎవలకేసిండో జెర లెక్కవెట్టి చెప్పుండ్రి" అంది.

పార్టీల ఏజెంట్లు వంగి వంగి చూశారు, అందులో తమకెన్ని పడ్డాయో అన్నట్టు. అధికారి జాబితా తిప్పి, అతని పేరు మీద గీత పడలేదని చూసుకున్నాడు. తర్వాత నడిమివేలికి సిరా పెట్టి కాగితం చేతికిచ్చాడు.

తడక చాటుకు వెళ్లిన ఎల్లేశం ఎంతకీ రాడు. వరుసలో గొణుగుడు మొదలైంది. అధికారి దగ్గాడు, పిలిచాడు. చివరికి ఎల్లేశం వచ్చి, కాగితం డబ్బాలో వేసి, కొత్త పెళ్లికొడుకులా బయటికి నడిచాడు.

ఎవరికి వేశావని సారవ్వ దారి పొడుగునా అడిగింది. ఇంటికొచ్చాక, చెప్పకపోతే కూర వెయ్యనంది. అతను ఉత్త అన్నమే తినసాగాడు.

"నలుగుట్ల నీ అంగీ లేపి ఇజ్జత్ తీసుకున్న. నాకు చెప్పకుంటె ఇంకెవలకు చెప్తవ్?"

"ఎవలకు చెప్పనే. గిదొక్కటే నాది."

సారవ్వ కాసేపు అతని నడిమివేలు చూసి, కూరగిన్నె ముందుకు జరిపింది.