రోజూ వెళ్లిపోయే సవెంగ్ బాబాయి

సవెంగ్ బాబాయికి ఉన్నది ఒకటే అలవాటు. ఆయన రోజూ పొద్దున్నే మా ఊరు వదిలి వెళ్లిపోతాడు. ఒక రోజు కాదు, ఒక నెల కాదు, ఆరేళ్లుగా వెళ్లిపోతూనే ఉన్నాడు. వెళ్లిపోవడంలో అంత పట్టుదల ఉన్న మనిషిని నేను మరొకరిని చూడలేదు. సాయంత్రానికి తిరిగి వచ్చేస్తాడు, అది వేరే సంగతి.

మాది చియాంగ్ ఖోంగ్. మెకాంగ్ నదికి ఇవతలి గట్టు మాది, అవతలి గట్టు లావోస్‌ది. వంతెన దాటి అవతల పడవెక్కి రెండు రోజులు కూర్చుంటే లువాంగ్ ప్రబాంగ్ వస్తుంది. వీపున సంచులు మోసుకు తిరిగే కుర్రకారంతా ఆ పడవ కోసమే మా ఊరొస్తారు. రాత్రి పడుకుంటారు, తెల్లారి లేచి పోతారు. రెండో రాత్రి కూడా ఉన్నారంటే కడుపు చెడిందని అర్థం. ఇలా ఒక్క రాత్రికి దిగేవాళ్ల కోసమే మా అమ్మ ఈ చెక్క ఇంటిని గెస్ట్‌హౌస్ చేసింది. బోర్డు మీద పేరు గొప్పగానే ఉంటుంది. లోపల చూస్తే పైన ఆరు గదులు, కింద రెండు స్నానాల గదులు, గుమ్మం ముందు చెప్పుల కుప్ప. అమ్మకు వయసు మీద పడ్డాక గదులు ఊడవడం, దుప్పట్లు ఉతకడం, వేడినీళ్లు రావడం లేదన్నవాళ్లకు కాసేపట్లో వస్తాయని చెప్పడం నా వంతుకు వచ్చాయి. నా నడుము సంగతి ఇప్పుడెందుకు, కథ బాబాయిది.

ఆయన ఫయావ్‌లో బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. పిల్లల్లేరు. భార్య చనిపోయిన ఏడాదికి, లువాంగ్ ప్రబాంగ్ జలపాతం చూసొస్తానని ఒక సంచి, ఒక గొడుగు పట్టుకుని మా గుమ్మంలో దిగాడు. ఒక్క రాత్రికి నాలుగో నంబరు గది తీసుకున్నాడు. ఆ ఒక్క రాత్రే ఇంకా నడుస్తోంది.

పొద్దున్నే మెట్లు దిగుతూ బస్సులో అరిచినట్టే అరుస్తాడు, దిగేవాళ్లంతా దిగాలి అని. దిగేది ఆయనొక్కడే. తాళంచెవి బల్ల మీద పెడతాడు. ఇన్నాళ్లూ బాగా చూసుకున్నావని నాకు దణ్ణం పెడతాడు. ఆ తర్వాత నా ప్రాణానికి వచ్చే మాట ఒకటి అంటాడు.

"ఫోంగ్ అమ్మాయ్, నా పక్క దుప్పటి ఉతికించు."

"సాయంత్రం మళ్లీ మీరే కదా బాబాయ్ పడుకునేది. నిన్ననే ఉతికాను."

"నేను వెళ్లిపోయినవాణ్ణి. వెళ్లిపోయినవాడి దుప్పటి ఉతక్కపోతే తర్వాత వచ్చేవాడు ఏమనుకుంటాడు?"

"తర్వాత వచ్చేది మీరే."

"అందుకే చెప్తున్నా. నాకు శుభ్రం లేకపోతే పడదు."

ఇలాంటి మనిషితో ఎవరు వాదిస్తారు. వాదించే ఓపికతో ఇంకో రెండు దుప్పట్లు ఉతుక్కోవచ్చు. ఉతికేదాన్ని.

ఆ తర్వాత వాకిట్లో స్తంభం మీద ఉన్న స్థలదేవత గూడు దగ్గర ఆగుతాడు. ఇంటి నుంచి వెళ్లేవాళ్లు ఆ దేవతకు చెప్పి వెళ్లడం మా ఆచారం. బాబాయి చెప్పి ఊరుకోడు, ఎర్ర సోడా సీసా మూత తీసి, అందులో స్ట్రా వేసి మరీ పెడతాడు. సాయంత్రం తిరిగొచ్చాక, పొద్దున చెప్పిన మాట నిలబెట్టుకోలేదు క్షమించమని ఇంకో సీసా. మిగతా ఇళ్లలో దేవతలకు పండక్కో పబ్బానికో సోడా అందుతుంది. మా దేవతకు ఈపాటికి షుగరు వచ్చే ఉంటుంది.

ఇంతా అయ్యాక అమ్మ దగ్గరికి వస్తాడు. ప్రయాణం వెళ్లేవాళ్ల మణికట్టుకు తెల్లదారం కట్టి, క్షేమంగా వెళ్లి క్షేమంగా రమ్మని దీవించడం మా ప్రాంతంలో పెద్దవాళ్లు చేసే పని. అమ్మ మా గెస్ట్‌హౌస్‌లో దిగిన ప్రతివాడికీ కట్టేది, భాష తెలిసినా తెలియకపోయినా. వాళ్లు మురిసిపోయి ఫొటోలు తీసుకుని, మళ్లీ వస్తాం అమ్మమ్మా అని చేతులు పట్టుకుని చెప్పేవాళ్లు. దారిలో తగిలే ఊరికి ఎవడు మళ్లీ వస్తాడు. ఒక్కడంటే ఒక్కడు రాలేదు. అమ్మ మాత్రం పొద్దు వాలగానే గుమ్మంలో కూర్చునేది. కొన్నేళ్లు చూసి చూసి, నా దారానికి బలం పోయిందే అని ఒకసారి నాతో అంది. రాత్రి అన్నం కూడా మానేసింది. అప్పట్లో ఆసుపత్రి నుంచి ఒక టానిక్ తెచ్చి పట్టించాను. దానితోనే కోలుకుందనుకున్నాను. ఊళ్లో ఎవరికి నీరసమన్నా ఆ టానిక్కే చెప్పేదాన్ని.

దారం కనీసం మూడు రోజులైనా చేతికి ఉంచాలంటారు. బాబాయికి రోజుకొకటి పడుతుంది, ఆయన ఒక్కటీ తియ్యడు, వాటంతటవే తెగిపోవాలంటాడు. అందుకని ఎప్పుడు చూసినా ఆయన కుడిచెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా తెల్లగా ఉంటుంది. మా దగ్గర దిగిన ఒక నర్సు అది చూసి, చెయ్యి ఎప్పుడు విరిగిందని అడిగి, మందులు రాసిస్తానని కూర్చుంది. బాబాయి ఆ మందుల పేర్లు శ్రద్ధగా విన్నాడు.

ఇక ఆయన సాకులు. వెళ్లబోతుంటే బల్లి పలికింది. పడవ ముక్కు కాస్త ఎడమకు తిరిగి ఉంది. ఎదురుగా వచ్చిన బౌద్ధ భిక్షువు తుమ్మాడు. సంచి తేలిగ్గా అనిపించింది, ఏదో మర్చిపోయి ఉంటాను. సంచి బరువుగా అనిపించింది, ఎవరిదో నా సంచిలో పడి ఉంటుంది. నిజానికి ఆయన వంతెన దగ్గర, మనుషుల్ని ఎక్కించుకునే ట్రక్కు బళ్ల స్టాండులో దిగిపోయి, డ్రైవర్లతో సీసా మూతలు పావులుగా పెట్టి ఆట ఆడతాడని ఊరందరికీ తెలుసు. మధ్యలో దారి తెలియక దిక్కులు చూసే విదేశీయుల్ని పోగేసి, సరైన బండి ఎక్కించి, తలలు లెక్కపెట్టి, రైట్ అని బండి మీద చరుస్తాడు. వాళ్లకు లువాంగ్ ప్రబాంగ్‌లో ఏ వీధిలో ఏం దొరుకుతుందో, జలపాతం దగ్గర రాళ్లు ఎక్కడ జారతాయో విడమరిచి చెబుతాడు. మీరెన్నిసార్లు వెళ్లారు అని ఒక ఫ్రెంచి పిల్ల అడిగితే, రేపు వెళ్తున్నాను అన్నాడట.

దీనికి ఊరు కనిపెట్టిన కారణం ఒకటే. ముప్ఫై ఏళ్లు కండక్టరుగా చేసినవాడు పొద్దున బయల్దేరితే సాయంత్రానికి డిపో చేరాలి, రక్తంలో పడిన అలవాటు ఎక్కడికి పోతుంది అన్నారు. నేనూ సరే అనుకున్నాను.

సాయంత్రం మళ్లీ నా బల్ల ముందుకు వచ్చి నిలబడతాడు, నన్నెప్పుడూ చూడనట్టు.

"ఒక్క రాత్రికి గది ఉందా?"

"ఉంది."

"వేడినీళ్లు వస్తాయా?"

"నిన్న వచ్చాయి కదా."

"నిన్నటి సంగతి నాకెలా తెలుస్తుందమ్మా, నేనిప్పుడే దిగాను."

మొన్న వానాకాలంలో నాకు విసుగు నెత్తికెక్కింది. ఎండ లేదు. దుప్పట్లు ఆరవు. వసారాలో కట్టిన తాళ్లన్నీ నిండిపోయి, మెట్ల కమ్మీ మీద కూడా దుప్పట్లే. నడుం వంచితే మళ్లీ లేవడం లేదు. ఆ స్థితిలో ఒక పొద్దున బాబాయి వచ్చి, దుప్పటి అన్నాడు. ట్రక్కు బండి నడిపే మా పిన్ని కొడుకు ఇన్‌కేవ్‌ని పిలిచి, ఈయన్ని వంతెన దాటించి, పడవలో కూర్చోబెట్టి, పడవ కదిలేదాకా గట్టు మీద నిలబడి చూసి రమ్మన్నాను. జలపాతం చూడాలని వచ్చిన మనిషి, చూడకుండా పోతే పాపం కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. నా బాధంతా దుప్పటి గురించే.

ఆ రోజు బాబాయి బల్లి పలికిందన్నాడు. బల్లి కాదు, మా బండి బ్రేకు అన్నాడు ఇన్‌కేవ్. బాబాయి అమ్మ వంక చూశాడు, నా వంక చూశాడు, చివరికి బండెక్కాడు. మధ్యాహ్నానికి ఇన్‌కేవ్ తిరిగొచ్చి పని అయిపోయిందన్నాడు. పడవ మలుపు తిరిగే దాకా ఆయన వెనక్కే చూస్తూ కూర్చున్నాడట. నాలుగో నంబరు గది దుప్పటి ఉతికి, మడిచి, బీరువాలో పెట్టి తలుపేశాను. ఆరేళ్లలో మొదటిసారి.

పొద్దు వాలింది. అమ్మ గుమ్మంలో కూర్చుంది. జిగురు బియ్యంతో వండిన ముద్దన్నం బుట్ట, మిరపకాయ పచ్చడి పక్కన పెట్టి తినమన్నాను.

"వాడు రానీ" అంది.

"రాడమ్మా. నిజంగానే పడవెక్కాడు."

"దారం కట్టాను. వస్తాడు."

చీకటి పడినా బుట్ట మూత తియ్యలేదు. మర్నాడు పొద్దున వెళ్లిపోయే కుర్రాళ్లు దారం కోసం చేతులు చాచి నిలబడితే, అమ్మ వాళ్ల వైపు చూడనైనా చూడలేదు. దారపు ఉండ తీసి నా చేతిలో పెట్టింది. ఇంక దారం కొనకు అంది. మధ్యాహ్నమూ తినలేదు. ఎనభై దాటిన ఒళ్లు, ఎముకల గూడు. నాకు భయం పట్టుకుంది. బీరువాలోంచి ఆ పాత టానిక్ సీసా తీసి చూశాను. దాని గడువు అయిపోయి నాలుగేళ్లయింది. సీసాలో సగం అలాగే ఉంది; బాబాయి వచ్చిన వారంలోనే అమ్మ అన్నం తింటోందని పట్టించడం ఆపేశాను. అంటే అమ్మని కోలుకునేలా చేసింది ఆ సీసా కాదు. సీసా పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయాను.

ఆ సాయంత్రం వానలో గొడుగు కనిపించింది. గొడుగు కింద బాబాయి, మోకాళ్ల దాకా బురద, చేతిలో చెప్పులు. పడవ మొదటి రాత్రి ఆగే ఊళ్లో దిగిపోయి, పొద్దున్నే ఎగువకు వచ్చే పడవ పట్టుకుని వచ్చాడు. నా బల్ల ముందు నిలబడి, గది ఉందా అని అడగలేదు. వేడినీళ్ల మాటా ఎత్తలేదు.

"పెద్దమ్మ తిన్నదా?" అన్నాడు.

లేదన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. గుమ్మం దగ్గరికి వెళ్లి, అమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని, దారాల చెయ్యి చాపి చూపించాడు.

"ఆలస్యమైంది" అంది అమ్మ.

"నది మధ్యలో బల్లి పలికింది పెద్దమ్మా."

అమ్మ బుట్ట మూత తీసింది. ముద్ద చేసి, పచ్చడిలో అద్ది నోట్లో పెట్టుకుంది. ఇంకో ముద్ద చేసి ఆయన చేతిలో పెట్టింది. నేను వంటింట్లోకి వెళ్లి, పొయ్యి పొగ అని చెప్పుకుని కళ్లు తుడుచుకున్నాను.

తర్వాత ఆయన వంటింట్లోకి వచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు. మొట్టమొదటి రోజు నిజంగానే పడవ తప్పిపోయిందట. సిగ్గుపడుతూ వెనక్కొస్తే, గుమ్మంలో ఉన్న అమ్మ ఆయన మణికట్టు పట్టుకుని, నేను దారం కట్టినవాళ్లలో తిరిగొచ్చినవాడు నువ్వొక్కడివే అని ఏడ్చేసి, ఆ రాత్రి కడుపునిండా తిన్నదట. మర్నాడు బయల్దేరాడు గానీ, ఈవేళ ఈవిడ తింటుందా అని వంతెన దగ్గర కాళ్లు ఆగిపోయాయట.

"తిరిగి రావాలంటే ముందు వెళ్లాలి కదమ్మా. ఇంట్లో కూర్చున్నవాడు ఎలా తిరిగొస్తాడు? అందుకే రోజూ వెళ్తున్నాను. దుప్పటి ఉతక్కపోతే వెళ్లినట్టు లెక్క కాదు, ఆవిడ కనిపెట్టేస్తుంది. నీకు చాకిరీ అని తెలుసు. ఈ మాట ఆవిడకి చెప్పకు."

చెప్పనన్నాను.

తెల్లారి, భిక్షువులకు అన్నం వేసి వాకిట్లోంచి లోపలికి వస్తుంటే, అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి ఆగింది. పాపం వాడు బాగా తడిశాడే అంది. నేను ఊకొట్టాను.

"పెళ్లాం పోయాక వాడికి ఎవరున్నారు? పొద్దుగూకే వేళకి ఎదురుచూసే మనిషి లేకపోతే, అలాంటివాడు ఎక్కడ దిగాలో మర్చిపోతాడు. అందుకే ఆ గుమ్మంలో కూర్చుంటున్నా. కూర్చుని కూర్చుని నా నడుం పడిపోయింది. నాకు మంచం మీద ఒరగాలని ఉండదా?"

"మరి అన్నం ఎందుకు మానేశావ్?"

"నిజంగానే పోయాడేమో అనుకున్నా" అంది. "వాడితో చెప్పకు."

చెప్పనన్నాను. ఇద్దరికీ ఒట్టు పెట్టి నోరు మూసుకున్నదాన్ని నేను. ఆయన కోసం ఆవిడకు నడుం నొప్పి, ఆవిడ కోసం ఆయనకు కాళ్ల నొప్పి, ఇద్దరి కోసం నాకు రెండూ.

దిగేవాళ్లంతా దిగాలి అని మెట్ల మీంచి కేక వినిపించింది. బాబాయి తాళంచెవి బల్ల మీద పెట్టి, ఇన్నాళ్లూ బాగా చూసుకున్నావమ్మా అని దణ్ణం పెట్టాడు. అమ్మ దారపు ఉండ అడిగి తీసుకుంది. దేవత ముందు ఎర్ర సోడా పొంగింది. దుప్పటి సంగతి ఎత్తడానికి ఆయన మొహమాటపడి నిలబడితే, ఉతుకుతాను లెండి, వెళ్లండి అన్నాను.

ఆ రోజు ఆ దుప్పటి సంతోషంగా ఉతికానంటే అబద్ధమవుతుంది. తిట్టుకుంటూనే ఉతికాను. కాకపోతే మధ్యాహ్నం కాస్త ఎండ రాగానే, మిగతావాళ్లవన్నీ పక్కకు జరిపి దాన్ని తీగ మీద మధ్యలో వేశాను, సాయంత్రానికి ఆరిపోవాలని.