ముప్పై ఒక్క పాదాలు

"ఎందుకు వెళ్తున్నావని ఆ పర్మిట్ ఇచ్చేవాళ్ళు అడగలేదు తమ్ముడూ. ఎందుకు తిరిగొస్తావని అడిగారు! ఇంకా గడప దాటలేదు, బట్టలు సర్దుకోలేదు, అప్పుడే తిరిగిరావడం గురించి తగువు."

అంటూనే ఆమె బల్లకు బిగించిన ప్లాస్టర్ అచ్చును ఆకురాయితో గీకుతోంది. తెల్లటి పొడి మోచేతుల దాకా పట్టింది. నేను ఆ ఆస్పత్రి వెనక గదికి కరెంటు మీటరు చూడటానికి వెళ్ళాను. మీటరు తలుపు పక్కనే ఉంది. అంకెలు రాసుకోవడానికి నిమిషం చాలు. కానీ గోడ మేకుకు గుచ్చిన కాగితాల దొంతర కంటబడింది. ప్రతి కాగితం మీదా పెన్సిలుతో గీసిన పిల్లల పాదం. "ఇవేంటక్కా, ఇన్ని పాదాలు?" అన్నాను. అడిగింది పాదాల గురించి, ఆమె ఎత్తుకున్నది పర్మిట్ కథ. రెండూ ఒకటేనని తర్వాత తెలిసింది. స్టూలు మీద పొడి దులిపి నా వైపు తోసింది. కూర్చున్నాను.

ఆమె కాళ్ళు చేస్తుంది. ప్రమాదాల్లో కాలు పోయినవాళ్ళకూ, కాలు లేకుండానే పుట్టిన పిల్లలకూ కొలత తీసి, అచ్చుపోసి, కాలు చేసి, తొడిగి, అదిగో ఆ రెండు ఇనుప కమ్మీల మధ్య నడిపించి ఇంటికి పంపుతుంది. ఆస్పత్రిలో అందరికీ ఆమె కాళ్ళక్క. వడ్రంగి కూతురు. పదిహేడేళ్ళప్పుడు తండ్రి చేసిన చెక్క కాళ్ళకు నునుపు పట్టడంతో మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు ఏ పట్టా లేకుండానే ఆ పని చేసింది. అప్పుడొచ్చింది కొత్త నిబంధన. ఈ పని చదివి పాసైన మనిషి ఉంటేనే ఈ గది ఉంటుంది. లేకపోతే మందుల గోదాము అవుతుంది. మూడేళ్ళు ఆగుతాం, చదివి రా అన్నారు పెద్ద డాక్టరుగారు. ఆ చదువు ఇక్కడ లేదు. పరాయి దేశంలో రెండేళ్ళు చదవాలి. ఒక సేవాసంస్థ ఫీజు కడతానంది, కాలేజీ సీటిచ్చింది. మిగిలింది అక్కడ ఉండి చదువుకోవడానికి ఆ దేశం ఇచ్చే స్టూడెంట్ పర్మిట్ ఒక్కటే.

"ముప్పై ఏడేళ్ళు నాకు. దరఖాస్తులో 'విద్యార్థి' అన్న గడి దగ్గర సిగ్గుతో చచ్చిపోయాననుకో. మా ఆయన బస్సు నడుపుతాడుగా, 'రేపట్నించి స్టూడెంట్ పాసు చూపించి ఎక్కు' అని ఒకటే ఎగతాళి."

మొదటి దరఖాస్తు ఎవరో ఇచ్చిన నమూనా చూసి రాసింది. సొంత ఇల్లుంది, భర్త ఉన్నాడు, అత్తగారున్నారు, అందువల్ల తప్పక తిరిగి వస్తాను. ఆరు వారాలకు జవాబొచ్చింది, ఒకే ఒక్క పేజీ. చదువు ముగిశాక మీరు మా దేశం విడిచి వెళ్తారన్న నమ్మకం మాకు కలగలేదు.

"ఆ రోజు అన్నం సహించలేదు. మా అత్తగారు ఆ ఉత్తరం మా ఆయన చేత రెండుసార్లు చదివించుకుంది. ఆవిడ స్కూల్లో గంట కొట్టే పని చేసి రిటైరైంది. ఏ మాటైనా టంగుమని మోగాల్సిందే. 'తప్పు వాళ్ళది కాదే' అంది. ఒళ్ళు మండింది నాకు. 'మీరూ వాళ్ళ వైపేనా అత్తయ్యా?' అన్నాను. 'ఇల్లుందని రాశావు. ఇల్లెక్కడికి పోతుంది? నువ్వున్నా లేకపోయినా అక్కడే ఉంటుంది. మొగుడున్నాడని రాశావు. వీణ్ణి చూసుకోవడానికి దేశాలు దాటి ఎవరైనా తిరిగొస్తారా?' అంది. ఆయన పక్కనే కూర్చుని అన్నం తింటున్నాడు. కంచంలోంచి తల ఎత్తితే ఒట్టు!"

ఆకురాయి పక్కన పెట్టి నవ్వింది. నేనూ నవ్వాను.

"నవ్వాక చెప్పింది అసలు మాట. 'నువ్వు రాకపోతే ఇక్కడ ఏది ఆగిపోతుందో అది రాయవే పిచ్చిదానా.'"

మర్నాడు పొద్దున ఆమె పనిలోకి వచ్చి తలుపు తీసేసరికి ఎదురుగా ఈ మేకు, ఈ కాగితాలు.

పెద్దవాళ్ళకు చేసిన కాలు ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. పిల్లల సంగతి వేరు. మంచి కాలు పెరుగుతూ ఉంటుంది, చేసిన కాలు పెరగదు. అందుకని మంచి పాదాన్ని కాగితం మీద పెట్టించి చుట్టూ గీత గీసి దాచుకుంటుంది. మళ్ళీ వచ్చినప్పుడు గీత దాటి ఎంత పెరిగిందో చూసి, పాదమూ పొడవూ మారుస్తుంది. అలాంటి పిల్లలు అప్పటికి ముప్పై ఒక్కమంది. తాను లేని కాలానికి ఒక్కొక్కరికీ మూడేసి చెక్క బిళ్ళలు కోసింది. పిక్కకూ పాదానికీ మధ్య ఎనిమిది నెలలకొకటి చొప్పున వేస్తే కాలు అంతంత ఎత్తు పెరుగుతుంది. నాలుగో బిళ్ళ పట్టదు, మరలు నిలవవు.

"రెండో దరఖాస్తుకి ఎవరి నమూనా అడగలేదు. ముప్పై ఒక్క పాదాలూ మళ్ళీ గీశాను. కింద వయసు, ఏ బిళ్ళ ఏ నెలలో వెయ్యాలో రాశాను. చివర్లో, 'మూడో బిళ్ళ తర్వాత వెయ్యడానికేమీ లేదు. అప్పటికి నేను ఇక్కడుండాలి' అని రాసి సంతకం పెట్టాను. నలభై రోజులకి పర్మిట్ వచ్చింది తమ్ముడూ!"

ఆ మాట అంటున్నప్పుడు ఆమె వెన్ను కొంచెం నిటారైంది.

పర్మిట్ రావడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం ఒక ఎత్తు. కాలేజీ ఆఫీసులో ఇచ్చిన షరతుల కాగితాన్ని ఆమె పెట్టె మూత లోపల అంటించుకుంది. క్లాసులు ఎగ్గొట్టకూడదు. సబ్జెక్టులు తగ్గించుకోకూడదు. వారానికి ఇరవై గంటలు మించి పని చెయ్యకూడదు. గది మారితే పదిరోజుల్లో చెప్పాలి. అదే ఇంట్లో ముందు గది నుంచి వెనక గదికి మారినప్పుడు కూడా వెళ్ళి చెప్పింది. తలుపు వేరు కదా అంది. అక్కడి గుమాస్తా పగలబడి నవ్వి, రాసుకున్నాడట.

పని కాలేజీ క్యాంటీన్లో, పళ్ళేలు కడగడం. ఒక శుక్రవారం గోడ గడియారం రెండు కొట్టేసరికి ఆ వారం ఇరవై గంటలు నిండాయి. తొట్టినిండా పళ్ళేలున్నాయి. ఈమె ఏప్రన్ విప్పేసింది.

"సూపర్వైజరు లబోదిబోమంది. 'ఒక్క గంట! ఎవరు చూస్తారు?' అంది. 'నేను చూస్తాగా' అన్నాను. మరి అంతే కదా! ఆ రోజు నించీ నా పేరు గడియారం. 'గడియారం వచ్చింది, గడియారం వెళ్ళింది' అనేవాళ్ళు. అననీ. నా వెనక ముప్పై ఒక్క పాదాలున్నాయి, వాళ్ళకేం తెలుసు?"

ఇంత జాగ్రత్తగా ఉన్న మనిషి దెబ్బతిన్నది ఒక పెన్సిలు దగ్గర.

ఇక్కడ బిళ్ళలు మార్చే పని భర్తది. సెలవు రోజున బిళ్ళలూ మరలూ సంచీలో వేసుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. బిళ్ళ వేసి, మంచి పాదం గీసి, కాగితాలు ఆమెకు పంపేవాడు. ఆఖరి పరీక్షకు ఆమె ఒక పూర్తి కాలు చెయ్యాలి. తూనీగ కాలు చెయ్యాలనుకుంది. అది ఆ పిల్లకు ఆమె పెట్టిన ముద్దుపేరు. కాలు తొడిగితే చాలు, ఒకచోట వాలదు. ఆమె వెళ్ళేనాటికి ఏడేళ్ళది. మోకాలి కింది అచ్చు వెంట తీసుకెళ్ళింది, పాదం కొలత భర్త పంపినది. కాలు అద్దంలా తయారైంది. మాస్టారు బట్టతల పెద్దమనిషి. కాలును మెచ్చుకున్నాడు, తిప్పి చూశాడు, పాత గీతనూ కొత్త గీతనూ పక్కపక్కన పెట్టించాడు.

"'పెరిగే పిల్ల, పదహారు నెలల్లో పాదం గోరంత కూడా పెరగలేదా? ఈ కొలత నువ్వే తీశావా?' అన్నాడు. అవునంటే అయిపోయేది. కాదు, మా ఆయన తీశాడన్నాను. 'ఇంకొకరి కొలతకి కాలు చెయ్యకూడదు. మళ్ళీ చెయ్యి, ఈసారి మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెయ్యి' అన్నాడు. ఫెయిల్! తప్పు నాదే తమ్ముడూ. పరీక్షల హడావిడిలో పాతది పక్కన పెట్టి చూసుకోలేదు."

వెంటనే ఇంటికి ఫోను చేసింది.

"'ఊళ్ళో పిల్లలందరూ పెరగడం మానేశారా? పెన్సిలు ఎలా పట్టుకున్నావు?' అన్నాను. 'చేత్తోనే' అన్నాడు. 'నిలువుగానా, వంచా?' 'రాసేటప్పుడు ఎలా పట్టుకుంటారో అలాగే' అన్నాడు. ఇంకేముంది! పెన్సిలు బయటికి వంగితే మొన పాదం కిందికి దూరుతుంది, గీత లోపల పడుతుంది. స్టీరింగు మాత్రం నిటారుగా కూర్చుని తిప్పుతాడు, పెన్సిలు దగ్గరికొచ్చేసరికి అదీ వరస."

మళ్ళీ చెయ్యాలంటే ఇంకో నాలుగు నెలలు చదవాలి. పర్మిట్ గడువు ఆరు వారాలే ఉంది. గడువు దాటితే పట్టా లేకుండా విమానం ఎక్కాలి. పట్టా లేకపోతే ఈ గదికి తాళం. మర్నాడే పొడిగింపుకు దరఖాస్తు పెట్టింది. అందులో ఒక గడి ఉంది. చదువు సమయానికి ఎందుకు పూర్తి కాలేదు?

"నాతో గదిలో ఉండే అమ్మాయిలు ఒంట్లో బాగాలేదని రాయమన్నారు. నా ఒంటికేం, దున్నపోతులా ఉన్నాను. ఉన్నదే రాశాను. 'నా భర్త పెన్సిలు వంచి పట్టుకున్నాడు. నేను సరిచూసుకోలేదు.' అర్థం కాదేమోనని నా పాదాన్నే రెండుసార్లు గీసి జతచేశాను, ఒకటి వంచి, ఒకటి నిలువుగా. కాలేజీ ఉత్తరం, హాజరు, పని గంటలు, గది మారిన కాగితం, అన్నీ పెట్టాను. వెతికి చూసుకోండి, ఒక్క మచ్చ కనిపిస్తే చెప్పండి అన్నట్టు."

జవాబు వచ్చేదాకా దేశం దాటకూడదు. ఆ రోజుల్లోనే అత్తగారికి జ్వరం వచ్చి తగ్గలేదు. వచ్చేస్తానని ఈమె ఫోనులో ఏడ్చిందట.

"'నువ్వొస్తే జ్వరం తగ్గుతుందా? మాత్ర వేసుకుంటే తగ్గుతుంది. నువ్వు ఆ పెన్సిలు సంగతి చూసుకో' అని పెట్టేసింది. ఐదో వారంలో పొడిగింపు వచ్చింది. ఐదు నెలలు! ఇప్పటికీ వీధిలో ఎవరు కనిపించినా అదే చెప్తుంది మా అత్తగారు. 'మా కోడల్ని ఒక్కసారి కాదన్నారు, రెండుసార్లు ఔనన్నారు.'"

ఆమె పరీక్ష మళ్ళీ రాసింది. ఆ కాలేజీ ఆస్పత్రికి వచ్చే ఒక ముసలాయనను ఎదురుగా కూర్చోబెట్టుకుని, తనే కొలత తీసి కాలు చేసి, పాసైంది. మాస్టారు అక్కడే ఉద్యోగం ఇస్తానన్నాడు.

"ఉండిపోవచ్చుగా అక్కా?" అన్నాను.

ఆమె నా వైపు వింతగా చూసింది. "రాసిచ్చానుగా" అంది. "పర్మిట్లో ఇంకా తొమ్మిది రోజులు మిగిల్చి వచ్చేశాను. కావాలంటే చూడు" అని సొరుగు లాగింది. ఉలుల పక్కన, గుడ్డలో చుట్టి, గడువు తీరిన ఆ పర్మిట్. ఫొటోలో భయం భయంగా చూస్తోంది. ఇప్పుడు ఆ ముఖం ఈమెదంటే నమ్మడం కష్టం. గోడ మీద ఆమె పట్టా లేదు. అది పెద్ద డాక్టరుగారి గదిలో ఉందట. ఆయన అడిగి తీసుకుని తగిలించుకున్నాడు.

వచ్చి ఏడు నెలలైంది. మేకు నుంచి కాగితాలు తీసి నా చేతికిచ్చింది. ప్రతి దాని మీదా రెండు పాదాలు, పాత గీత లోపల, కొత్త గీత బయట. కొందరివి వేలెడు పెరిగాయి. ఒకడిదైతే పాత పాదం కొత్త పాదంలో పడవలా ఇమిడిపోయింది. నేను ఒక్కొక్కటే తిప్పుతుంటే ఆమె ఒక్కొక్కరి గురించీ ఒక మాట చెప్పింది, ఈమె మెట్లెక్కుతోంది, వీడు బంతి తంతున్నాడు అని.

అన్నిటికంటే అడుగున ఉన్న కాగితం మీద ఒక్క గీతే ఉంది. కింద ఏడేళ్ళు అని రాసి ఉంది.

"తూనీగ" అంది. గొంతు కాస్త తగ్గింది. "ముప్పైమంది వచ్చారు. ఇది రాలేదు. వాళ్ళు ఇల్లు మారారు. మా ఆయన పోయినసారి వెళ్తే తాళం. మూడో బిళ్ళ వేసి ఏడాది అయింది. అంటే నాలుగు నెలల నుంచి ఆ పిల్ల పొట్టి కాలి మీద ఈడ్చుకుంటూ నడుస్తోంది. పదేళ్ళొచ్చుంటాయి. ముప్పై ఒకటని రాసిచ్చాను తమ్ముడూ. ముప్పైతో ఆగితే నేను వాళ్ళకి చెప్పింది అబద్ధమే కదా?"

మీటరు పుస్తకం మూసి లేచాను. ఆమె చేతులు దులుపుకుని నాతో పాటే గుమ్మం దాకా వచ్చింది.

"బస్సు డిపో వెనక కొత్త ఇళ్ళల్లో ఉన్నారని ఎవరో అన్నారు. అక్కడి మీటర్లు చూసేది నువ్వేగా? నువ్వెక్కని మెట్టు ఉందా ఈ ఊళ్ళో! వాళ్ళమ్మ మిషను కుడుతుంది, చప్పుడు వినిపించిన చోటల్లా అడుగు. కుడికాలు ఈడుస్తూ కూడా పరిగెత్తే పిల్ల కనిపిస్తే అదే తూనీగ. కాళ్ళక్క వచ్చేసిందని చెప్పు, ఆలస్యమైనందుకు తిట్టదని చెప్పు. కాగితమూ పెన్సిలూ మాత్రం తీసేవు, నీ చెయ్యి ఎటు వంగుతుందో నాకేం తెలుసు? పిల్లనే తీసుకురా."