అందం కోసం తీసేసిన లైన్లు

మద్రాసు తిరువొత్తియూరులో, ఇనుప రేకులకు రంధ్రాలు వేసే యంత్రాలు తయారుచేసే కంపెనీలో నేను ప్రోగ్రాములు రాస్తాను. యంత్రాన్ని నడిపే అసలు ప్రోగ్రాము సీ భాషలో ఉంటుంది. కొన్నవాళ్లు తమకు తగ్గట్టు ఆదేశాలు రాసుకోవడానికి అందులోనే స్కీమ్ అనే చిన్న భాషను చదివి నడిపే ఇంటర్‌ప్రెటర్ పెట్టాం. ఫలానా చోట రంధ్రం వెయ్యమని ఒక్క లైను రాస్తే చాలు, వేసేది.

అంత హాయిగా నడుస్తున్న చోటికి హైదరాబాదు నుంచి ఆర్కిటెక్టు ఒకాయన వచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టు. వస్తూనే, "క్లాసులు లేని భాష కూడా ఒక భాషేనా అండి?" అన్నాడు.

"ఈడ ఎవురూ అడగలేదు సార్," అన్నాను. మాది తాతల నాడే పెరంబూరులో స్థిరపడ్డ కుటుంబం. మా తెలుగు అంతే.

"ముందు మీ తెలుగుకు క్లాసు తేవాలండి," అని, తన హాస్యానికి తానే చాలాసేపు నవ్వుకున్నాడు.

ఒక రకం వస్తువులన్నిటికీ అచ్చులాంటి ఈ క్లాసులను స్కీమ్‌కు పెట్టమన్నాడు. సీలో క్లాసు కట్టడం పెద్ద మాయేం కాదు. దానికో పేరు, దాని తల్లి క్లాసు ఏదో చెప్పే గుర్తు, ఏ మెథడ్‌కు, అంటే అది చేయగల ఏ పనికి, ఏ సీ ఫంక్షన్‌ను పిలవాలో చెప్పే పట్టిక. స్కీమ్‌లో డ్రిల్లును తిరగమంటే ముందు డ్రిల్లు పట్టికలో వెతకాలి, అక్కడ లేకపోతే తల్లి పట్టికలో. ఇష్టంగానే రాశాను. ఆయనకు చాలలేదు. డ్రిల్లు పైన పరికరం, దానిపైన వస్తువు, దానిపైన 'ఉనికి' అనే క్లాసు పెట్టించాడు.

"ఈ ఉనికి ఏం చేస్తాది సార్?"

"ఏమీ చేయదు. ఉంటుంది."

ఆయన ఉద్యోగమూ అలాంటిదే కాబట్టి చాలా నమ్మకంగా చెప్పాడు.

వాడకం అయిపోయిన వస్తువులను మెమరీలో వెతికి తుడిచేసే భాగం ఒకటి ఇంటర్‌ప్రెటర్‌లో ఉంటుంది. సీ వైపు మనం పట్టుకున్న వస్తువు దానికి కనబడదు. ఇది ఇంకా కావాలి, ముట్టుకోవద్దని ఒక లైను రాసి చెప్పాలి. ప్రతి మెథడ్‌లోనూ రాశాను. ఆయన చూసి మొహం చిట్లించాడు.

"గోడ మీద పోస్టర్లలాగా ఏంటండీ ఇవి? అసహ్యంగా!"

"అవి తీసేస్తే డ్రిల్లు మధ్యలో మాయమైపోతాది సార్."

"మీకు ప్రతిదానికీ భయమేనండి."

ఆయనే కూర్చుని అన్నీ తీసేశాడు. మేనేజరుతో మొత్తుకుంటే, "విడుమ్మా, వదిలెయ్, ఆయన చూసుకుంటాడు కదా," అన్నాడు.

కొనేవాళ్లు చూడ్డానికి వచ్చిన రోజున ఆయన కోటు వేసుకొచ్చాడు, మద్రాసు మే నెలలో. మొదటి రంధ్రం పడింది. రెండోదీ పడింది. ఆయన ఉపన్యాసం అందుకున్నాడు. ఈలోగా తుడిచే భాగం తన పని తాను చేసుకుపోయింది. మూడో రంధ్రం వెయ్యమంటే, తిరగడానికి డ్రిల్లు అనే వస్తువే లేదు. ప్రోగ్రాము చచ్చి తెర నల్లబడింది. కోటు లోపల ఆయన చెమటతో తడిసిపోయాడు.

వచ్చినవాళ్లలో మా పాత యంత్రం వాడే ఒకావిడ నా వైపు తిరిగి, "ముందు రంధ్రానికి ఒక్క లైను రాస్తే అయిపోయేది కదమ్మా, అది లేదా ఇప్పుడు?" అని అడిగింది. పాత ప్రోగ్రాము తెరిచి అదే చూపించాను. యంత్రం కొన్నారు.

ఆయన మాత్రం తప్పంతా స్కీమ్ నిండా ఉండే బ్రాకెట్ల మీదికి నెట్టి, పైవాళ్లకు రంగురంగుల బొమ్మలు చూపించాడు. పైవాళ్లు తలలూపారు. కొద్దిరోజులకే పెద్ద హోదా ఇచ్చి బెంగళూరు పంపారు. నా లైన్లు నేను తిరిగి పెట్టుకున్నాను. క్లాసులు ఇప్పుడు చక్కగా నడుస్తాయి, వాడేది మాత్రం నేనొక్కదాన్నే. ఆయన వీడ్కోలు సభలో అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కేకు బాగుంది.