అవ్వ పాడె పోయిన దారి

మా ఎదురింటి అవ్వ పోయిన నెలలో ఒక బుధవారం పొద్దున చనిపోయింది. కేంద్రంలో పాలు పోసి వచ్చి, ఖాళీ క్యాను గోడ పక్కన బోర్లించి, అరుగు మీద ఒరిగిందట. మళ్లీ లేవలేదు. ఊరి చివర మామిడితోట ఉన్న పెద్దమనిషిని మేమంతా తోటాయన అంటాం. ఈ వార్త విని ఆయన, "పాపం, మంచి ముసలమ్మ. ఎవురినీ ఒక మాట అనేది కాదు" అన్నాడని తెలిసింది. ఆ మాట చెవిన పడ్డాకే నేను ఇది రాయడానికి కూర్చున్నాను. అవ్వ ఆయనను రోజూ అనేది. ఆయన పోయేదాకా తను బతికి ఉండాలని గంగమ్మకు మొక్కుకునేది. ఆ మొక్కు ఒక్కటే తీరలేదు.

మాది తడ రోడ్డు మీదినుంచి లోపలికి వస్తే కనిపించే చిన్న ఊరు. ఉన్నది ఒకటే వీధి. తెల్లారగానే కంపెనీ బస్సు వచ్చి మగవాళ్లను శ్రీసిటీకి ఎక్కించుకుపోతుంది. మా ఆయన కూడా అందులోనే పోతాడు. ఆ తర్వాత వీధిలో మేకలు, ముసలివాళ్లు, మాలాంటి కోడళ్లు మిగులుతాం. నాకు చదువు తక్కువ, మాట ఇంకా తక్కువ. కాపురానికి వచ్చిన కొత్తలో కొళాయి దగ్గర నా బిందెను ఎవరు వెనక్కి నెట్టినా ఊరుకునేదాన్ని. ఒకరోజు అవ్వ వచ్చి నా బిందెను కొళాయి కింద పెట్టి, అందరినీ ఒక చూపు చూసింది.

"ఈ పాపకు నోరు లేదనుకుంటాండారా మే? ఉండాది. మీ మాదిరి పొద్దున్నుంచి అరగదీసుకోకుండా దాచిపెట్టుకోనుండాది."

అందరూ నవ్వారు. నేనూ తలవంచుకుని నవ్వాను. ఆ రోజు నుంచి నా బిందెను ఎవరూ ముట్టలేదు.

అవ్వకు తోటాయనతో ఉన్న పగ గురించి చెప్పాలంటే ముందు మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. పాడెను శ్మశానానికి తీసుకుపోతూ దారి మధ్యలో ఒకచోట దింపుతారు. పోయిన మనిషి చెవిలో కొడుకు మూడుసార్లు పిలుస్తాడు. ప్రాణం ఏ మూలనైనా ఉంటే పలుకుతుందని ఆశ. ఆ చోటును దింపుడు కల్లం అంటాం. మా ఊరి దింపుడు కల్లం, దానికి పోయే దారి, తోటాయన మామిడిచెట్ల పక్కనే ఉండేవి. కంపెనీలు వచ్చి భూమికి ధర పెరిగాక ఆయన రాతికూసాలు నాటి, దారిని కూడా తోటలో కలిపేసి, వీధి చివర ఇనప గేటు పెట్టి తాళం వేశాడు.

ఆ తర్వాత మొదట పోయింది అవ్వ భర్త. వానాకాలం. పాడె గేటు దాకా వచ్చి ఆగింది. తోటాయన బయటికే రాలేదు. "పక్కన వాగుండాది కదా, అట్లా పోండి" అని చెప్పి పంపాడు. మోసేవాళ్లు నడుం లోతు నీళ్లలో పాడెను నెత్తికెత్తుకుని దాటారు. నీళ్లలో ఎక్కడ దింపుతారు? దింపలేదు. తాతను ఎవరూ పిలవలేదు.

"పిలిస్తే పలికేవాడో లేదో, అది వేరే మాట," అనేది అవ్వ. "పిలవను గూడా పిలవలేదు కదా మే. ఇంటికొచ్చిన బిచ్చగాన్ని గూడా ఒకసారి పిలస్తాము."

తర్వాత పోయినవాళ్లనంతా వాగు గట్టు మీద దింపారు. ఊరు దానికి అలవాటు పడింది. అవ్వ పడలేదు.

ఆమె తన పగను రోజువారీ పనిలాగా చేసేది. పొద్దున కల్లాపి చల్లాక మిగిలిన పేడనీళ్లు తీసుకుపోయి గేటు ముందర కుమ్మరించేది. తోటాయన బండి మీద వస్తుంటే సరిగ్గా వీపు చూపించి కూర్చునేది. మజ్జిగ అమ్మేది కానీ ఆ ఇంటి చెంబులో ఒక్క చుక్క పోసేది కాదు. మామిడికాయల కాలంలో ఊరంతా ఆయన తోట కాయలు తింటుంటే అవ్వ బస్సెక్కి సత్యవేడు పోయి కొనుక్కొచ్చేది. మేకలను ఆయన కంచె పక్కనే మేపేది. అవి కంచెలో తలలు దూర్చి లేతచిగుళ్లన్నీ కొరికేవి. లోపలికి రాకూడదని ఆయన ఒక బోర్డు రాయించి పెట్టాడు. అయినా మేకలు ఆగకపోతే మా వీధిలోకి వచ్చి అరిచాడు.

"ఏమవ్వా, బోర్డు కనపడలేదా?"

అవ్వ వీపు తిప్పకుండానే బదులిచ్చింది. "నాకు కనపడింది నాయనా. నా మేకకు చదువు రాదు. నువ్వే రోంత అక్షరాలు నేర్పించు, పుణ్యముంటాది."

మా అత్త అప్పుడప్పుడు ఆమెకు చెప్పి చూసేది. "పోనీలే అక్కా, మరిచిపో. మరిచిపోతే నిద్రన్నా బాగా పడతాది."

"నాకు తలుచుకుంటేనే బాగా పడతాది," అనేది అవ్వ. ఇంకో మాట కూడా అనేది: "కోపానికి గూడా ఉప్పు సరిగ్గా పడాల. తక్కువైతే బూజు పడతాది, ఎక్కువైతే మన నోట్లోనే పెట్టుకోలేము."

ఈ మధ్య తోటాయన సగం చెట్లు కొట్టించి, నేల చదును చేయించి, ప్లాట్లకు తెల్లరాళ్లు నాటించాడు. అక్కడ ఎప్పుడూ దారి లేదని, తను పుట్టినప్పటి నుంచీ అది తోటేనని కొనడానికి వచ్చేవాళ్లకు చెబుతున్నాడట. అది విన్న రోజు అవ్వ నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. చేటలో వేరుశనగకాయలు పోసి ఒలుస్తూ మాట్లాడింది.

"నేను పోతే ఆ గేటు ముందర నన్ను ఆపు మే. తాళం తీస్తే లోపల కల్లం మీద దింపాల. తీయకపోతే ఆ గేటు ముందరే దింపాల. తీసేదాకా నన్ను ఎత్తగూడదు. పాడె దించిన చోటు ఎవుడు కొంటాడో చూద్దాం."

"అన్నకు చెప్పు అవ్వా," అన్నాను. అన్న అంటే ఆమె కొడుకు.

"వాడు ఆయన ట్రాక్టరు తోలతాండాడు. వాడి నోరు ఆయన షెడ్డులోనే ఉండాది. నువ్వే చెప్పాల. రోజూ అరిచేదాన్ని ఎవురూ వినరు. నువ్వు ఒకసారి నోరు తెరిస్తే ఊరంతా నిలబడి వింటాది."

నేను సరే అనలేదు, కాదనలేదు. ఆమె నా ఒళ్లో గుప్పెడు వేరుశనగపప్పులు పోసి లోపలికి పోయింది. ఒప్పుకున్నట్టే లెక్క వేసుకుంది.

ఆ బుధవారం మధ్యాహ్నం పాడె లేచింది. మా ఊర్లో ఆడవాళ్లం వీధి చివరిదాకే పోతాం. అంటే ఆ గేటు దాకా. ముందర నిప్పుకుండ పట్టుకుని అన్న, వెనకాల పలకడప్పుల మోత, దారి పొడుగునా బొరుగులు, బంతిపూలు చల్లుతూ వచ్చారు. పాడె ముందరి కొమ్ము మా ఆయన భుజం మీద ఉంది. గేటు దగ్గరికి రాగానే అన్న తల వంచుకునే, "వాగు పక్కకు తిప్పండప్పా" అన్నాడు.

నా కాళ్లు నాకంటే ముందు కదిలాయి. పోయి పాడెకు అడ్డంగా నిలబడ్డాను.

"తిప్పొద్దు. గేటు తీస్తే లోపలికి పోవాల. తీయకపోతే ఈడనే దింపాల. అవ్వ చెప్పింది."

పలకలు ఆగిపోయాయి. తోటాయన అప్పటికే లోపలివైపు నిలబడి ఉన్నాడు. ఆ రోజు సాయంత్రం ప్లాట్లు చూడటానికి మద్రాసు నుంచి మనుషులు వస్తున్నారని మాకందరికీ తెలుసు.

"ఎవురు ఈ పాప? ఈమెకు మాటలొస్తాయా?" అన్నాడు.

"ఇప్పుడే వచ్చినాయి లేప్పా," అని వెనకనుంచి ఎవరో ఆడమనిషి అంది.

ఆయన గొంతు తగ్గించాడు. "అమ్మా, ఈ పొద్దుకు వాగు పక్కన పోండి. రేపు కూర్చోని మాట్లాడుకుందాం."

"రేపటిదాకా అవ్వ ఉండదు మామా," అన్నాను.

మా ఆయన నా ముఖంలోకి చూశాడు. పెళ్లయ్యాక నా గొంతు అంత పెద్దగా ఆయన ఎప్పుడూ వినలేదు. మోకాళ్లు వంచాడు. మిగతా ముగ్గురూ వంచారు. పాడె మెల్లగా గేటు ముందర నేలకు దిగుతోంది.

"దింపొద్దు! దింపొద్దప్పా!" తోటాయన తాళంచెవి కోసం జేబులన్నీ తడుముకున్నాడు. గేటు ముందర పాడె ఉంటే వచ్చే కారు అక్కడే ఆగిపోతుంది. లోపలైతే తొందరగా దాటిపోతారని అనుకున్నట్టున్నాడు. రెక్కలు రెండూ బార్లా తెరిచాడు.

లోపలికి పోయినవాళ్లు తొందరపడలేదు. ముసలివాళ్లు గుర్తుపట్టి చూపించిన చోట, రెండు తెల్లరాళ్ల మధ్య, అవ్వను దింపారు. అన్న వంగి చెవిలో పిలిచాడు. "అమ్మా." మళ్లీ, "అమ్మా." మూడోసారి అతని గొంతు గేటు దాకా వినిపించింది. అవ్వ పలకలేదు. మోసేవాళ్లు ఎత్తబోతుంటే నేను గేటు కడ్డీ పట్టుకుని అరిచాను.

"అన్నా! మీ నాయనను గూడా పిలువు!"

ఇది అవ్వ చెప్పింది కాదు. నా నోటికి దానంతట అదే వచ్చింది. అన్న నిప్పుకుండ పక్కన పెట్టి, చుట్టూ చూశాడు. ఎవరి చెవిలో పిలవాలో తెలియక నేల మీదికే వంగాడు. "నాయనా," అన్నాడు. తోటాయన వింటుండగా, ఆయన ట్రాక్టరు తోలే మనిషి, ఆయన ప్లాటు నడిమధ్యలో మట్టికి ముఖం ఆనించి మూడుసార్లు పిలిచాడు. ఆఖరిసారి అన్నది పిలుపులాగా లేదు, ఏడుపులాగా ఉంది.

మా పక్క పాడె కోసం ఒకసారి తెరిచిన గేటును మళ్లీ మూయరు. మూసినవాడి ఇంటికి చెడు అంటారు. అది తోటాయనకూ తెలుసు. అందుకే గేటుకు మళ్లీ తాళం పడలేదు. అన్న ట్రాక్టరు మానేసి మా ఆయనతోపాటు కంపెనీ బస్సు ఎక్కుతున్నాడు. ఊర్లో కొందరు నాతో, ఇంక ఆయనను వదిలెయ్యమ్మా, జాలి పడాల అంటున్నారు. నాకు జాలి కలగడం లేదు. కలిగినప్పుడు చెబుతాను.

అవ్వను సాగనంపిన సాయంత్రమే కారు వచ్చింది. గేటు దాటి కొంచెం దూరం పోయి ఆగింది. అందులోంచి దిగినవాళ్లు నేల మీద పూలను, బొరుగులను చూశారు. అవి ఎక్కడిదాకా పోయాయో తలెత్తి చూశారు. కారు వెనక్కి తిప్పుకున్నారు. పాడె మీదినుంచి రాలినవాటిని మా ఊర్లో ఎవరూ ఊడ్వరు. తోటాయన కూలివాళ్లను అడిగాడు, ఒక్కరూ చీపురు పట్టలేదు. ఆఖరికి తనే ఇంట్లోంచి ఒక చీపురు తెచ్చుకున్నాడు. తెచ్చుకుని, వంగలేక, దాన్ని చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. వాగు వైపునుంచి గాలి లేచింది. బొరుగులు ఆయన చెప్పుల పక్కనుంచి దొర్లుకుంటూ, ఒక్కో తెల్లరాయి దగ్గర ఆగి, మళ్లీ లేచి, ప్లాట్లన్నిటిలోకీ పోయాయి.